సూది పడ్డాక అన్నం ఆగకూడదు

ఉదయగిరిలో పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకుని, టిఫిన్ ఆత్మకూరులో చూసుకుందాంలే అని బస్సెక్కిన ఒక పెద్దాయనను ఊహించుకోండి. మెట్ట దారి, పైన ఎండ. సగం దూరం పోయేసరికి చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, మాట తడబడుతుంది. పక్క సీటాయన వడదెబ్బ అనుకుంటాడు. తాగొచ్చాడని మొహం తిప్పుకునేవాళ్లూ ఉంటారు. కానీ అది షుగరు పడిపోవడం. ఇన్సులిన్‌తో వచ్చే ఇబ్బందుల్లో తరచూ కనిపించేదీ, ప్రాణం మీదికి తెచ్చేదీ ఇదే.

రక్తంలో చక్కెర 70 కన్నా తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటకూ తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. ఆ తర్వాత ఇడ్లీయో అన్నమో పెట్టాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం చుక్క కూడా పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి ఈ భయం ఇంకా ఎక్కువ. రంజాన్ ఉపవాసాలుండేవారు ముందే డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోవాలి.

సిరంజితోనూ చిక్కుంది. సీసా మందు మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి దొరుకుతాయి. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూతది. వంద సీసాలోని మందును ఎర్రమూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది!

ఇక రోజూ ఒకేచోట పొడుచుకుంటే అక్కడ కొవ్వు గడ్డకడుతుంది. గడ్డ మీద నొప్పి తెలియదు, అందుకే చాలామంది ఆ చోటును వదలరు. అక్కణ్నుంచి మందు సరిగా ఎక్కదు, షుగరు దిగదు, మోతాదు పెరుగుతూ పోతుంది. ఒకరోజు చోటు మార్చగానే ఆ పెంచిన మందు పూర్తిగా పనిచేసి షుగరు పడిపోతుంది. డాక్టరుతో చెప్పే చోటు మార్చాలి. ఆపైన రోజూ వేలి వెడల్పు జరుపుతూ వేసుకోవాలి.

ఎండకు చెడిన మందుదీ ఇదే తంతు. అది పనిచేయట్లేదని మోతాదు పెంచుకుంటారు, కొత్త సీసా తెరవగానే దెబ్బ తగులుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక మీద పెట్టిన మట్టికుండ నయం.

కొందరికి ఒళ్లొస్తుంది. అలర్జీ ఇప్పుడు అరుదు.

ఇవన్నీ విని సూదే మానేద్దామనుకునేవారూ ఉంటారు. 1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇన్సులిన్ ఇచ్చినప్పుడు అలర్జీ వచ్చింది. డాక్టర్లు వదిలేయలేదు. మందును శుద్ధిచేసి 23న మళ్లీ ఇచ్చారు. మరణం అంచున ఉన్న ఆ కుర్రాడు ఇంకో 13 ఏళ్లు బతికాడు.