గోడ ఎంతకీ రాదేంటి?

పోయిన వేసవిలో మా మేనకోడలి వెంట రాష్ట్ర ఎంపిక పోటీలకు వెళ్లాను. పదమూడేళ్ల పిల్ల. బ్యాక్‌స్ట్రోక్ ఈదుతుంది. మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క 25 మీటర్ల కొలనులో నాలుగేళ్లుగా తెల్లారకముందే దిగుతోంది. 50 మీటర్ల కొలనులో దిగడం ఆ రోజే మొదలు. వెల్లకిలా ఈదేవాళ్లకు గోడ కనబడదు. గోడకు 5 మీటర్ల ముందు పైన కట్టిన జెండాలు చూసుకుని, అక్కణ్ణించి బారలు లెక్కపెట్టుకుని తిరగాలి. సగం దూరం వచ్చేసరికి అలవాటు కొద్దీ దాని కళ్లు జెండాల కోసం వెతికాయి. అవి లేవు. లయ తప్పింది. బయటికి వచ్చాక తువ్వాలు కప్పుకుని, పళ్లు టకటకలాడుతుండగా అడిగింది: "గోడ ఎంతకీ రాదేంటి మావయ్యా?"

ఊళ్లో కొట్టిన టైమింగ్ కంటే ఆ రోజు నాలుగు సెకన్లు ఎక్కువ పట్టింది. జట్టులో చోటు రాలేదు.

ఆ నాలుగు సెకన్లలో పిల్ల తడబాటు కొంతే. మిగతాది కొలను పొడవు. 100 మీటర్ల పోటీని 25 మీటర్ల కొలనులో పెడితే మూడు టర్న్‌లు వస్తాయి, 50 మీటర్లలో ఒక్కటే. చూసేవాళ్లకు తిరగడం శ్రమ అనిపిస్తుంది గానీ, ఈదేవాళ్లకు అదే పెద్ద ఊతం. గోడను తన్ని నీటి అడుగున 15 మీటర్ల దాకా దూసుకుపోవడానికి బ్యాక్‌స్ట్రోక్‌లో అనుమతి ఉంది. ఆరంభంతో కలిపి చూస్తే, చిన్న కొలనులో 100కి 60 మీటర్లు అలా పోవచ్చు, పెద్ద కొలనులో 30కి మించి కుదరదు. ప్రపంచ రికార్డులు సైతం రెండింటికీ వేర్వేరుగా రాస్తున్నారంటే కారణం ఇదే.

ఇక వాచీల సంగతి. చేయి తగలగానే సమయం నమోదు చేసే టచ్‌ప్యాడ్‌లు చిన్న ఊళ్లలో ఎక్కడివి? ముగ్గురు మాస్టార్లు మూడు స్టాప్‌వాచీలతో గట్టున నిలబడతారు. రెండు వాచీలు ఒకే అంకె చూపిస్తే అదే లెక్క, మూడూ మూడు రకాలుగా చూపిస్తే మధ్యది తీసుకోవాలన్నది నియమం. ఎంత నిజాయతీగా నొక్కినా మనిషి వేలు మనిషి వేలే. పైస్థాయి పోటీల్లో మాత్రం సెకనులో నూరో వంతు దగ్గర తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి.

2021 జూన్ 26న రోమ్‌లో సజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లై 1:56.38లో ముగించాడు. ఒలింపిక్ 'ఎ' అర్హత 1:56.48. అర్హత గడువు ముగియడానికి ఇంకొక్క రోజే మిగిలింది. సెకనులో పదో వంతు తేడాతో, ఈ అర్హత నేరుగా సాధించిన తొలి భారతీయ ఈతగాడయ్యాడు. మర్నాడు అక్కడే శ్రీహరి నటరాజ్ 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌ను 53.77లో ఈదాడు. అర్హత గీత 53.85. కానీ అది పోటీలో కాకుండా టైమ్ ట్రయల్‌లో వచ్చింది కాబట్టి, అంతర్జాతీయ సమాఖ్య ఆమోదించేదాకా కొన్ని రోజులు ఎదురుచూడాల్సి వచ్చింది. చివరికి ఆమోదించారు. నాకు ఈ రెండో సంఘటనే ఎక్కువ ముఖ్యం. పద్ధతిగా పెట్టి, సరైన యంత్రంతో కొలిస్తే, ట్రయల్‌లో వచ్చిన టైమింగ్‌కు కూడా విలువ ఉందన్నమాట.

అందుకే నేను గీతను కిందికి దించమని అడగడం లేదు. అర్హత టైమింగ్ ఉండాల్సిందే. అది లేకపోతే పలుకుబడి ఉన్నవాళ్ల పిల్లలే లేన్లలో నిలబడతారు. వయసుకు కట్టుబాటూ ఉండాలి. డిసెంబరు 31 నాటికి ఎన్నేళ్లు అని చూసే పద్ధతిలో జనవరిలో పుట్టిన పిల్లకూ డిసెంబరులో పుట్టిన పిల్లకూ ఇంచుమించు ఏడాది తేడా ఉన్నా ఒకే వరసలో నిలబడాలి. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు కదా, దాన్ని ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది ఒక్కటే: ఆ గీతను అందుకునే అవకాశం పిల్లకు ఏడాదిలో ఒక్కసారి, అదీ ఎప్పుడూ చూడని కొలనులో ఇవ్వడం.

జూనియర్ జాతీయ పోటీలకు పేర్లు పంపేది రాష్ట్ర సంఘాలే. ఎంపికకు ముందు రెండు మూడు నెలల పాటు, నెలకో ఆదివారం, జిల్లాల పిల్లలను పెద్ద కొలనుకు పిలిచి టచ్‌ప్యాడ్‌లతో ట్రయల్స్ పెట్టొచ్చు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం కొలనులో 2023లో సీనియర్ జాతీయ పోటీలే జరిగాయి. అలాంటి చోట ఒక పూట జిల్లా పిల్లలకు కేటాయిస్తే చాలు. వచ్చిన టైమింగ్‌లన్నీ ఆ సాయంత్రమే గోడకు అంటించాలి. ఎవరు ఎంతలో ఈదారో, ఎవరికి చోటు ఎందుకొచ్చిందో తల్లిదండ్రులు చదువుకోవాలి. బస్సు ఛార్జీలు మేమే పెట్టుకుంటాం.

ప్రస్తుతానికి మా చెల్లెలే ఆ పని చేస్తోంది. శనివారం రాత్రి బస్సెక్కి, పిల్లను తీసుకుని నగరానికి వెళ్తోంది. మొన్న వెళ్లొచ్చాక మా మేనకోడలు నోటుపుస్తకంలో రాసుకుంది: గోడ నుంచి గోడకు 44 బారలు, జెండాల నుంచి 4. వచ్చే శనివారానికి టికెట్లు ఇంకా దొరకలేదు.