క్లిక్ చేయడం వస్తే సరిపోదు

“అన్నా, నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలంటే అమీర్‌పేట పోవాల్సిందేనా?” ముత్యంపేట, కోరుట్ల వైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక ఊరి దగ్గర కొలువు దొరుకుతుందన్న ఆశ సన్నగిల్లింది. అయితే గల్ఫ్, లేదంటే హైదరాబాద్. కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు కలిపితే ఇంట్లోవాళ్లు అప్పు చేయాల్సిందే. ఆ అప్పుకు ముందు ఒక్క నెల మీ ల్యాప్‌టాప్‌తో ప్రయత్నించి చూడండి.

మైక్రోటిక్ అనే లాట్వియా కంపెనీ రూటర్లను మన దగ్గర చాలామంది కేబుల్ ఇంటర్నెట్ ఆపరేటర్లు వాడతారు. వాటిని తెరమీద బొమ్మలు, మెనూలతో నడిపించే సాఫ్ట్‌వేర్ విన్‌బాక్స్. ఇది ఉచితం. రూటర్ కొనాల్సిన పని కూడా లేదు. సీహెచ్‌ఆర్ అనే వర్చువల్ రూటర్‌ను అదే కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించుకుని, వర్చువల్‌బాక్స్‌లో నడపొచ్చు. ఉచిత లైసెన్సులో వేగం ఒక్కో ఇంటర్‌ఫేస్‌కు 1 ఎంబీపీఎస్ దాటదు. నేర్చుకోవడానికి అది చాలు.

వర్చువల్‌బాక్స్‌లో నెట్‌వర్క్‌ను ‘హోస్ట్ ఓన్లీ’గా పెట్టి రూటర్‌ను ఆన్ చేయండి. విన్‌బాక్స్ తెరిచి ‘నైబర్స్’ చూడండి. రూటర్ అక్కడ కనిపిస్తుంది. ఐపీ అడ్రస్ లేకపోయినా మ్యాక్ అడ్రస్‌తో లోపలికి వెళ్లొచ్చు. యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ ఖాళీ. వెళ్లగానే మొదట కొత్త పాస్‌వర్డ్ పెట్టండి.

చాలామంది ఇక్కడిదాకా వచ్చి, నాలుగు మెనూలు నొక్కి, ‘రూటర్ కాన్ఫిగరేషన్ వచ్చు’ అని రెజ్యూమెలో రాసేస్తారు. నా అభ్యంతరం అక్కడే. ఇంటర్వ్యూలో మెనూ ఎక్కడుందని అడగరు. నెట్ ఆగిపోతే ముందు ఏం చూస్తావని అడుగుతారు. అందుకే మెనూలో ఒక మార్పు చేసిన ప్రతిసారీ టెర్మినల్ తెరిచి ‘ఎక్స్‌పోర్ట్’ కమాండ్ ఇవ్వండి. మీరు నొక్కిన బటన్ ఏ కమాండ్‌గా మారిందో అక్షరాల్లో కనిపిస్తుంది. దాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి. వారం తర్వాత అదే పనిని మెనూ ముట్టకుండా చేయండి.

నేను కొత్తలో ఒకచోట దూరం నుంచి ఫైర్‌వాల్ రూల్ ఒకటి పెట్టి, నన్ను నేనే బయటకు గెంటేసుకున్నాను. రూటర్ దగ్గరికి బండి మీద పోక తప్పలేదు. విన్‌బాక్స్ పైభాగంలో ‘సేఫ్ మోడ్’ బటన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉండగా కనెక్షన్ తెగితే, చేసిన మార్పులు కాసేపటికి వాటంతటవే వెనక్కి పోతాయి. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

ఇంకో మాట. విన్‌బాక్స్ 8291 పోర్టు మీద పనిచేస్తుంది. 2018లో ఇందులో ఒక భద్రతా లోపం బయటపడింది. కంపెనీ వెంటనే సరిచేసినా, అప్‌డేట్ చేయని రూటర్లు ప్రపంచమంతటా పెద్ద సంఖ్యలో హ్యాకర్ల చేతికి చిక్కాయి. సౌకర్యం కోసం తెరిచిన తలుపును ఎవరికి తెరవాలో, ఎవరికి మూయాలో తెలిసినవాడే ఇంజినీర్. ఆ పోర్టును మీ కంప్యూటర్‌కు మాత్రమే తెరిచి ఉంచడం మీ మొదటి అభ్యాసం కావాలి.

నెల తర్వాత కూడా ఆసక్తి ఉంటే అప్పుడు కోచింగ్‌కు వెళ్లండి. అప్పటికి ఏం అడగాలో మీకే తెలుస్తుంది.