టాంగా పరాభవమునకు బాధ్యులెవరు?

1914వ సంవత్సరము నవంబరు మాసమున జర్మనుల యధీనమునందుండిన తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవుపై హిందూదేశపు సైన్యము సముద్రమార్గమున దాడి వెడలి, మూడు దినములలో భంగపడి యోడల నెక్కి తిరిగిపోయెను. ఈ వృత్తాంతమును చెప్పు గ్రంథములలో మద్రాసు సిపాయీలు నిలువజాలక పాఱిపోయిరను మాట తఱచుగా గానవచ్చును. ఇదియే యపజయమునకు కారణమైనట్లు చదువరికి తోచును. ఆనాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలును మద్రాసు రాజధానిలోనివే. అందుచేతనే గాక, న్యాయము కొఱకును ఈ తీర్పును మఱల విచారింపవలెనని మేము తలచితిమి.

దండయాత్రకు నియమింపబడిన సైన్యము రమారమి ఎనిమిది వేలు. సేనాని మేజర్ జనరల్ ఐట్కెన్. మంచి శిక్షణ గల పటాలములలో పెక్కింటిని ఫ్రాన్సు, ఈజిప్టు, మెసపొటేమియాలకు కేటాయించిన పిమ్మట, మిగిలిన పటాలములను త్వరితముగా జతపఱచి యాయన కొప్పగించిరి. వారిలో పలువుర నాయన యెఱుగడు. వారును ఒకరి నొకరు ఎఱుగరు. కొన్ని పటాలములకు క్రొత్తరకపు తుపాకులు ప్రయాణమునకు స్వల్పకాలము ముందు మాత్రమే చేతికి వచ్చెను. అక్టోబరు 16న బొంబాయి విడిచి, ఇఱుకైన యోడలలో వాంతులతో, ఎండతో నలిగి మాసాంతమునకు మొంబాసా చేరిరి. అచ్చట వారిని నేలపై దింపి సేదదీర్చిన వారు లేరు. ఆ దేశమును, ఆ యడవులను బాగుగ నెఱిగిన కింగ్స్ ఆఫ్రికన్ రైఫిల్స్ దళమువారు తోడు వత్తుమనగా సేనాని వలదనెను.

ఇక నౌకాదళముమాట. యుద్ధారంభమున టాంగా రేవు విషయమై స్థానికముగా నొక సంధి జరిగియుండెను. దానిని బ్రిటిషు ప్రభుత్వ మంగీకరింపలేదు. ఐనను ఫాక్స్ అను యుద్ధనౌక కధిపతియగు కాఫీల్డు, సంధి రద్దైనదని ముందుగా తెలుపక దాడి చేయరాదని పట్టుబట్టి, నవంబరు 2వ తేదీ యుదయమున తానే రేవులోనికి పోయి జర్మను అధికారికి గడువిచ్చి వచ్చెను. ఇచ్చిన మాటను గౌరవించుటను మేము తప్పుపట్టము. కాని గడువు తీఱిన తోడనే దిగవలసినవారు, నీటిలో మందుపాతఱలున్నవేమో యని వెదకుచు ఆ దినమంతయు గడపిరి. అప్పటికి పట్టణమున నుండిన బలము మిక్కిలి స్వల్పము. జర్మను సేనాని లెట్టో ఫోర్బెక్ మోషీ నుండి రైలుబండ్లలో దళములను తరలించుటకు ఆ యాలస్యమే చాలెను. ధర్మమును పాటించినట్లును గాక, యుద్ధము చేసినట్లును గాక, రెండింటిని సగము సగము చేసిరి.

ఆ రాత్రి దిగిన చోటు పట్టణమునకు దూరముగా, మడచెట్లతో, బురదతో నిండినది. దానిని ముందుగా చూచి వచ్చినవారు లేరు. 3వ తేదీ తెల్లవాఱుజామున 13వ రాజపుత్ర పటాలము, 61వ పయనీర్ల పటాలము ఒంటరిగా ముందుకు సాగి దెబ్బతినెను. 4వ తేదీ మధ్యాహ్నపుటెండలో తక్కిన సైన్యమంతయు దట్టమైన పొదలలోనికి నడచెను. ప్రక్కవారు కనబడని చోటది. పర్వత ఫిరంగులను నేలకు దింపక యోడపై నుండియే కాల్చిరి. పూర్వము హైదరాబాదు కంటింజెంటునకు చెందిన 98వ పటాలముపై తేనెటీగలు ముసరి చెల్లాచెదరు చేసెను. శత్రువులే యీ యీగలను ప్రయోగించిరని కొంద ఱనుకొనిరట! అవి రెండు పక్షములవారిని కుట్టెను.

63వ పాళయంకోట పటాలము చెదరినమాట నిజమే. దానిని మేము దాచము. కాని అదే దినమున కాశ్మీరు సిపాయీలు లంకషైరు తెల్లసోల్జర్లతో కూడి పట్టణములోని యిండ్లదాక చొచ్చుకొనిపోయిరి. ఎడమవైపున 101వ గ్రెనేడియర్లు ఘోరముగా నష్టపడిరి. హిందూదేశపు సిపాయి యనగా నొక్కటే గుణమని చెప్పువా రీ రెంటి కేమందురు? శిక్షణ చాలని దళమును, వారములకొలది యోడలో మ్రగ్గించి, చూడని యడవిలోనికి త్రోసిన పిమ్మట అది చెదరినచో, మొదట ప్రశ్నింపవలసినది త్రోసినవారిని గదా!

మఱియొక మాట. ఈ యుద్ధమును గూర్చిన సరసమైన కథలు పెక్కు గూఢచార శాఖాధికారి మైనర్ట్జాగెన్ దినచర్య నుండి వచ్చినవి. ఆ దినచర్యను ఆయన తరువాత మార్చి వ్రాసెనని పరిశోధకులు తేల్చిరి. కావున సిపాయీల పిఱికితనమును గూర్చి యందున్న పరిహాసములను మేము ప్రమాణముగా గైకొనము.

ఎనిమిది వందలకు పైగా మనుష్యనష్టము కలిగెను; ఎదిరిపక్షమున నూటయేబది వఱకు. ఫలితము నాంగ్లేయ ప్రభుత్వము కొన్నినెలలు ప్రజలకు తెలుపలేదు. ఐట్కెను పదవి తగ్గింపబడి సగము జీతముపై నిలిచెను. దేశమును పరికింపమి, సహాయము నిరాకరించుట యాయన తప్పులే. కాని ఆయన కట్టి సైన్యము నిచ్చి పంపినవారి తప్పు నాయన యొక్కనిపై మోపుటయు, వానితో తీఱని దానిని సిపాయీలపై మోపుటయు సరికాదు.

4వ తేదీ రాత్రి జర్మను దళములు సంకేతమును పొరబడి గ్రహించి పట్టణము విడిచి వెలుపలి శిబిరమునకు పోయెను. కొన్ని గంటలు టాంగా ఖాళీగా నుండెను. దానిని కనిపెట్టుట కొక్క చారునైనను పంపక, మఱునాడు సేనాని తుపాకులను, లక్షలకొలది తూటాలను ఒడ్డుననే విడిచి సైన్యమును ఓడల కెక్కించెను.