ఖాళీ గడి అంటే సున్నా కాదు

పోయిన జూన్‌లో సెమిస్టర్ సెలవులకు మానుకోట దగ్గర మా తాత వాళ్ల ఊరికి వెళ్లాను. బస్సు బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది కానీ మా ఇంట్లో అందరికీ అది మానుకోటే. తొలకరి వానలు పడ్డ వారం అది. రాత్రి వసారాలో ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటే, బల్బు చుట్టూ తిరిగి తిరిగి ఒక పెంకు పురుగు వచ్చి కీబోర్డు మీద టప్‌మని పడింది. దాదాపు నా బొటనవేలంత ఉంది. బూడిద రంగు ఒళ్లు, తల వెనక రెండు నారింజ మచ్చలు, ఒంటి కంటే పొడుగు మీసాలు. పట్టుకుంటే కీచుకీచుమని అరిచింది. నేనూ అరిచాను, ఆ సంగతి వదిలేయండి.

తాత మంచం మీద నుంచే చూసి చెప్పాడు. "గిది మామిడి చెట్టును తొలిచేది బిడ్డా. దీని పిల్లలు మాను లోపలికి పోయి తింటయి. బయటికి పొట్టు రాలితెనే మనకు తెలుస్తది."

తెల్లారి తోటకు తీసుకెళ్లి చూపించాడు కూడా. ఒక పాత మామిడి మొదట్లో రంపపు పొట్టు లాంటిది రాలి ఉంది. పైన చిన్న రంధ్రం. సైకిల్ స్పోక్ చివర కొక్కెంలా వంచి, ఆ రంధ్రంలోకి పోనిచ్చి, మెల్లగా తిప్పి, తెల్లటి లావు పురుగును బయటికి లాగాడు. తర్వాత కిరోసిన్‌లో ముంచిన దూది కుక్కి, పైన బురద మట్టి మెత్తాడు. మొత్తం ఐదు నిమిషాల పని. నేను మాత్రం దాని పేరు కనుక్కోవడానికి రాత్రంతా ఇంగ్లిష్‌లో సెర్చ్ చేశాను. బాటోసెరా రూఫోమాక్యులాటా. 1775లో డి గీర్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పెట్టిన పేరు. లాంగ్‌హార్న్ బీటిల్స్ అనే పెద్ద కుటుంబంలోది. శాస్త్రంలో ఆ కుటుంబం పేరు సెరాంబిసిడే.

ఫొటో తీసి ఐనాచురలిస్ట్‌లో పెట్టాను. పెట్టాక మ్యాప్ తెరిచి చూశాను. ఒక్కో చుక్క ఒక్కో రికార్డు. హైదరాబాద్ చుట్టూ చుక్కలు చిక్కగా ఉన్నాయి. మన వైపు వస్తున్న కొద్దీ పలచబడిపోయాయి. అప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన, "ఓహో, మన దగ్గర పురుగులు తక్కువేమో" అని. డీబీఎంఎస్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న మనిషిని, అంత సిల్లీ తప్పు చేశాను.

ఎందుకు తప్పో మన భాషలోనే చెప్తాను. మార్కుల మెమోలో సున్నా వేరు, ఆబ్సెంట్ వేరు. సున్నా వచ్చిందంటే పరీక్ష రాశాడు, ఏమీ రాలేదు అని. ఆబ్సెంట్ అంటే అసలు పరీక్షే జరగలేదు, వాడికి ఎంత వచ్చో ఎవరికీ తెలియదు అని. డేటాబేస్‌లో దాన్నే నల్ అంటాం. నల్‌ను సున్నా అనుకుని యావరేజ్ తీస్తే ల్యాబ్‌లో మేడమ్ ఊరుకోరు. కానీ మన జిల్లాల విషయంలో మనమందరం చేస్తున్నది సరిగ్గా అదే.

"ఫలానా కొండల్లో ఫలానా పురుగు మొదటిసారి రికార్డయింది" అని అప్పుడప్పుడు వార్తలొస్తాయి. చదివి, ఆ పురుగు నిన్ననే బస్సు దిగి వచ్చినట్టు ఆశ్చర్యపోతాం. చాలాసార్లు ఆ వార్త పురుగు గురించి కాదు, మన గురించి. అది ఎప్పటి నుంచో అక్కడే ఉంది. చూసి, పేరు తెలుసుకుని, తేదీ వేసి రాసిన మనిషి ఇప్పుడు వచ్చాడు.

భూపాలపల్లి జిల్లా వాళ్లకు దీనికి ఎగ్జాంపుల్ ఇంటి పక్కనే ఉంది. రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు. అక్కడి రాతి చిత్రాలు బయటి ప్రపంచానికి తెలిసింది 1990లో. అంటే 1990లో ఎవరో వచ్చి ఆ బొమ్మలు వేశారని కాదు కదా. వాటిని గీసిన మనుషులు ఎన్నో వందల తరాల కిందటి వాళ్లు. అడవి దున్నల్ని, పులుల్ని చూశారు, రాయి మీద గీశారు. నన్నడిగితే వాళ్లు మనకంటే బాధ్యత గలవాళ్లు. చూసింది రికార్డు చేశారు.

ఇక పుస్తకాల సంగతి. మన దేశపు లాంగ్‌హార్న్ పురుగుల మీద మొదటి పెద్ద పుస్తకం 1906లో వచ్చింది, 'ఫౌనా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' సిరీస్‌లో. రాసింది గాహన్ అనే ఆయన. అందులో మళ్లీ మళ్లీ కనిపించే చోట్లు నీలగిరి, అస్సాం, సిక్కిం, బర్మా. అంటే తెల్లదొరలు తేయాకు తోటలు వేసిన చోట్లు, ఎండాకాలం గడిపిన కొండలు. పైగా మామిడి తొలిచే మన పురుగు ఉన్న లామీనే అనే ఉపకుటుంబం ఆ పుస్తకంలో లేనే లేదు. నూట పదకొండేళ్ల తర్వాత, 2017లో, మన దేశంలోని జాతులన్నిటి జాబితా ఒకటి అచ్చయింది. లెక్క 1,500 దాటింది. ప్రపంచం మొత్తం మీద 30,000 పైనే. పురుగులు ఎక్కడున్నాయో అని మనం అనుకునే మ్యాప్, నిజానికి పురుగుల్ని చూసే మనుషులు ఎక్కడున్నారో చెప్పే మ్యాప్.

"అయితే ఏంటి? నల్ అయితే నల్ లే" అని మా రూమ్మేట్ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు అమెరికాలో దొరికింది.

1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో రోడ్డు పక్క చెట్లకు పెద్ద పెద్ద రంధ్రాలు కనిపించాయి. చూస్తే ఏషియన్ లాంగ్‌హార్న్ బీటిల్. చైనా నుంచి సరుకులతో వచ్చిన చెక్క పెట్టెల్లో దాక్కుని దిగింది. 2008లో అదే పురుగు మసాచుసెట్స్‌లోని వూస్టర్ పట్టణంలో దొరికింది. మొదట గుర్తుపట్టింది సైంటిస్టు కాదు, అక్కడ ఉండే ఒక మామూలు మనిషి. అప్పటికే అది అక్కడ ఏళ్ల తరబడి ఉందని తేలింది. దాన్ని ఆపడానికి ఆ చుట్టుపక్కల 30,000కు పైగా చెట్లు కొట్టేయాల్సి వచ్చింది.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. "కొత్తగా కనిపించింది" అన్న ఒక్క మాటకు రెండు అర్థాలు. ఒకటి, ఎప్పటి నుంచో ఉన్నది ఇప్పుడు కనిపించింది. రెండు, ఎక్కడి నుంచో ఇప్పుడే వచ్చి పడింది. మొదటిది సంతోషపడాల్సిన విషయం, రెండోది పరుగెత్తాల్సిన విషయం. ఈ రెండింటినీ వేరు చేసేది ఒక్కటే, పాత రికార్డు. బ్రూక్లిన్‌లో అది కొత్తదని గట్టిగా చెప్పగలిగారంటే, అంతకుముందు అక్కడ ఏమేం ఉండేవో రాసి ఉంది కాబట్టి. రేపు మన మామిడి తోటలోనో, మహదేవ్‌పూర్ వైపు దసలి పట్టు పురుగుల్ని పెంచే మద్ది చెట్ల మీదో కొత్త పురుగు కనిపిస్తే, అది కొత్తదో పాతదో దేనితో పోల్చి చెప్తాం? మద్ది చెట్టును తొలిచే లాంగ్‌హార్న్ కూడా ఒకటి ఉంది. అరకు వైపు కాఫీ కాండం తొలిచేదీ ఈ కుటుంబందే. ఆ కాఫీ పురుగు ఎండ పడే మొక్కల్ని ఎక్కువ పడుతుంది కాబట్టి తోటలో నీడ ఉంచాలని రైతులకు తెలుసు. ఏ చెట్టు మీద ఏది వస్తుందో తెలిస్తే ఇలాంటి ఉపాయం దొరుకుతుంది. తెలియకపోతే మందు డబ్బా ఒక్కటే దిక్కు.

అలాగని ఈ కుటుంబం మొత్తం దొంగలే అనుకోవద్దు. వీటిలో ఎక్కువ భాగం చచ్చిన, చావబోతున్న చెట్లలో బతికేవే. పడిపోయిన మానును తొలిచి, పొట్టు చేసి, మళ్లీ మట్టిలో కలిపే పని వాటిది. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో ఒక్క గాలివాన వేల సంఖ్యలో చెట్లను పడేసింది. మనం వీడియోలు చూసి షేర్ చేశాం. ఆ పడిన మానుల మీద తర్వాత ఎవరెవరు చేరారు, ఏ చెట్టుకు ఏ పురుగు వచ్చింది అన్నది, ఫోన్ ఉన్న ఏ స్టూడెంటైనా అడవి అంచున ఉన్న తన ఊళ్లో గమనించి రాయగలిగిన విషయం. అలాగే భూపాలపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు. అక్కడ ముందు చెట్లు పోతాయి, తర్వాత మట్టి పోతుంది, చివరికి బొగ్గు వస్తుంది. బొగ్గు వద్దని నేననడం లేదు, మన హాస్టల్ ఏసీ రూములు కూడా ఆ కరెంటు మీదే నడుస్తాయి. కానీ చెట్టు పోయాక దాని మీద ఏమున్నాయో అడిగితే చెప్పేవాడు ఉండడు. అప్పుడా నల్ ఎప్పటికీ నల్‌గానే మిగులుతుంది.

మరో చిక్కు కూడా ఉంది, అది పక్కా మన సబ్జెక్టు. పాత రికార్డుల్లో చోటు పేరు "వరంగల్ జిల్లా" అని ఉందనుకోండి. 2016 అక్టోబరు 11 ముందు అయితే అందులో నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చాలా వరకు కలిసే ఉన్నాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు కూడా విడిపోయింది. అంటే ఆ రికార్డు ఇప్పుడు ఏ జిల్లాది? పురుగు కదల్లేదు, గీతలు కదిలాయి. అందుకే జిల్లా పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. ఊరి పేరు, జీపీఎస్ అంకెలు, తేదీ, అన్నీ ఉండాలి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేస్తే సగం పని అయిపోయినట్టే.

"ఏఐ ఉంది కదా, అదే గుర్తుపడుతుంది" అనే వాళ్లకు కూడా ఒక మాట. ఐనాచురలిస్ట్ మొదలైందే 2008లో బర్క్‌లీలో మనలాంటి స్టూడెంట్ల మాస్టర్స్ ప్రాజెక్టుగా. అందులోని మోడల్ తగినన్ని ఫొటోలున్న జాతుల్నే నేర్చుకుంటుంది. ఎవరూ ఫొటో తీయని పురుగును అది గుర్తుపట్టలేదు, దగ్గర్లో ఉన్న ఇంకేదో పేరు చెప్తుంది. ఖాళీ డేటా ఇస్తే ఖాళీ తెలివే వస్తుంది. పైగా చాలా లాంగ్‌హార్న్‌లను ఫొటోతో తేల్చలేం, నిపుణులు చేతిలో పట్టుకుని చూడాల్సిందే. కానీ ఆ నిపుణుడు ఏ ఊరికి రావాలో చెప్పేది మన ఫొటోయే.

ఇది లిటరరీ క్లబ్ మ్యాగజైన్‌లో ఎందుకంటారా? జనగామ జిల్లా పాలకుర్తి వాడని మనం గర్వంగా చెప్పుకునే సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో తన కాలంలో జనం పాడుకునే పాటల రకాల పేర్లు రాసి పెట్టాడు. తుమ్మెద పదాలు అనేవి ఉండేవని ఇప్పటికీ చెప్పుకుంటున్నామంటే ఆయన రాయబట్టే. మామూలు జనం సంగతి రాయడానికి తగినదే అని ఆయన అనుకున్నాడు. తాత చెప్పిన పురుగు సంగతి కూడా అలాంటిదే. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు దాని లాటిన్ పేరు ఒక్క రాత్రిలో దొరికింది. మానుకోట రైతు దాన్ని ఏమంటాడు, ఏ నెలలో చూస్తాడు, ఎలా పట్టుకుంటాడు అన్నది ఎంత సెర్చ్ చేసినా దొరకలేదు. ఆ గడి కూడా నల్లే. అది మనమే నింపాలి, ఎందుకంటే ఆ భాష వచ్చిన వాళ్లం, టైప్ చేయడం వచ్చిన వాళ్లం మనమే.

మ్యాప్ మీద తన తోట దగ్గర చుక్క పడిందని తాతకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మంచిగనే ఉంది. ఏ చెట్టు మీదిదో రాసినవా?" అని అడిగాడు. రాయలేదు. అంత చదివి, అన్నిటికంటే ముఖ్యమైన కాలమ్ నేనే ఖాళీగా వదిలేశాను. వెంటనే ఎడిట్ చేశాను. రాత్రి బల్బు దగ్గరికి వచ్చింది, తెల్లారి చూస్తే పక్క మామిడి చెట్టుకు రంధ్రాలున్నాయి అని, రెండూ వేర్వేరుగా రాశాను.

కాబట్టి నా రిక్వెస్ట్ చిన్నదే. వచ్చే తొలకరికి మనలో చాలామంది ఇళ్లలోనే ఉంటాం. వసారాలో ఒక బల్బు, వెనక ఒక తెల్ల దుప్పటి కట్టండి, చాలు. వచ్చిన వాటికి ఫొటో తీయండి. తేదీ, ఊరు, దగ్గరున్న చెట్టు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే పేరు, ఈ నాలుగూ రాయండి. చంపక్కర్లేదు, సీసాలో పెట్టక్కర్లేదు. అడవి లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ పర్మిషన్ కావాలి, మన పెరట్లోకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఏమీ రాకపోతే "ఈ రాత్రి రెండు గంటలు చూశాను, ఏమీ రాలేదు" అని అదీ రాయండి. చూసి రాసిన సున్నాకు విలువ ఉంది.

జనగామ వాళ్లు, భూపాలపల్లి వాళ్లు, మా మానుకోట వాళ్లు ఎవరైనా కలుస్తానంటే క్లబ్ గ్రూప్‌లో చెప్పండి. షీట్ నేను తయారు చేసి పెడతాను. చెట్టు పేరు కాలమ్ ఖాళీగా వదిలితే మాత్రం సబ్మిట్ కాకుండా కోడ్ రాస్తాను, తాత ఆర్డర్.