మోడల్‌కి ముందు మట్టి

"ప్రోగ్రామ్డ్ సెల్ డెత్" అన్న మాట వింటే మన సీఎస్ వాళ్ళకి చెవులు నిక్కబొడుచుకుంటాయి. అర్థం కూడా దాదాపు మనం ఊహించేదే. పాడైపోయిన కణం తనలోనే ఉన్న ఆదేశాల ప్రకారం తనను తాను చంపుకుంటుంది. మామూలుగా అది ఒంటికి మంచిదే. కానీ గుండెపోటు తర్వాత, మూసుకుపోయిన రక్తనాళం మళ్ళీ తెరుచుకునేటప్పుడు, బతికించుకోగలిగిన కణాలు కూడా చచ్చిపోతాయి. దాన్ని ఆపే మందు కోసమే వెతుకులాట.

అలాంటి పదార్థం ఒకటి బూజు నుంచే దొరికింది. 1969లో స్విట్జర్లాండ్‌లోని శాండోజ్ కంపెనీ ఉద్యోగి ఒకరు సెలవులకి నార్వే వెళ్ళి కాస్త మట్టి తెచ్చారు. అందులోని శిలీంధ్రం ఇచ్చిందే సైక్లోస్పోరిన్. అది రోగనిరోధక శక్తిని అదుపు చేస్తుందని 1972లో తేలింది. తర్వాత అవయవ మార్పిడి చరిత్రే మారిపోయింది. మైటోకాండ్రియాలో సైక్లోఫిలిన్-డి అనే ప్రోటీన్‌ని పట్టుకుని కణం చావుని కూడా ఆపగలదని తర్వాత తెలిసింది. అయితే 2015లో 970 మంది గుండెపోటు రోగుల మీద చేసిన పరీక్షలో లాభం కనిపించలేదు. అంటే ఇంకా వెతకాలి.

"ఏఐ ఉందిగా, అదే వెతికిపెడుతుంది" అంటారు మనవాళ్ళు. నేనూ మెషిన్ లెర్నింగ్ మీద ఇష్టంతోనే ఈ బ్రాంచ్ తీసుకున్నా, కానీ ఈ మాట ఒప్పుకోను. ఏ అణువు ఏ ప్రోటీన్‌కి అతుక్కుంటుందో మోడల్ అంచనా వేస్తుంది, నిజమే. ఎవరూ మట్టిలోంచి తీయని శిలీంధ్రం మాత్రం ఏ డేటాసెట్‌లోనూ ఉండదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీలో పరిశోధన నడిపిన రోజుల్లో వచ్చిన ఆరియోమైసిన్‌కి మూలం, మిస్సోరీలో ఒక యూనివర్సిటీ పొలం మట్టి.

మరి మన పక్కనున్న తుళ్లూరు మట్టి సంగతి? ల్యాండ్ పూలింగ్‌లో రైతులు 33 వేల ఎకరాలకు పైగా రాజధానికి ఇచ్చారు. పత్తి, మిర్చి పండిన నల్లరేగడి రోడ్ల కిందకీ పునాదుల కిందకీ పోతోంది. రాజధాని వద్దనడం లేదు. పోయేలోపు ఆ మట్టిలో ఏముందో రాసిపెట్టుకోమంటున్నా.

మిర్చికి కాయకుళ్ళు తెగులు తెచ్చే కొలెటోట్రైకమ్‌నే చూడండి. ఈ జాతి శిలీంధ్రాలు చాలావరకు మొదట్లో మొక్క కణాన్ని చావనివ్వవు. లోపల స్థిరపడ్డాకే చంపుతాయి. మొక్కలో పనిచేసిన కిటుకు మన గుండెలో పనిచేస్తుందని చెప్పలేం. కానీ ఎక్కడ వెతకాలో ఒక ఆచూకీ మాత్రం దొరికినట్టే.

మనం చేయగలిగింది చిన్నదే. రైతుని అడిగి, ఒప్పుకుంటే గుప్పెడు మట్టి తీసుకోవాలి. జీపీఎస్ పాయింట్, పంట పేరు, తేదీ రాయాలి. బయోటెక్ ల్యాబ్‌లో శిలీంధ్రాలని వేరుచేసి పెంచి, పుణెలో అఘార్కర్ ఇన్‌స్టిట్యూట్ నడిపే జాతీయ శిలీంధ్ర భాండాగారానికి పంపాలి. రేపు ఏదైనా లాభం వస్తే స్థానికులకి వాటా ఉండాలని 2002 జీవవైవిధ్య చట్టం చెప్తోంది. కాబట్టి ఏ ఊరి మట్టో మొదటి రోజే రాయడం తప్పనిసరి.

డేటాబేస్ నేను కడతా. బయోటెక్ నుంచి ఇద్దరు వస్తే పత్తి తీతలు మొదలయ్యేలోపే పని మొదలుపెట్టొచ్చు.