తొక్కితే తడబడే బండి

పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు కొత్త కారు కొనుక్కొని, పన్నెండు పదిహేనేళ్లు నడిచిన తన ఆటోమేటిక్ కారును పల్లెలో ఉన్న తల్లిదండ్రులకు ఇవ్వడం ఈ రోజుల్లో చాలా ఇళ్లలో చూస్తున్నాము. "నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, క్లచ్చి తొక్కలేరు, ఇదైతే సుఖం" అంటాడు అబ్బాయి. ఆ మాట నిజమే. ఆదివారం గుడికి, నెలకొకసారి ఆసుపత్రికి, బంధువుల పెళ్లిళ్లకు ఆ బండే ఆధారమవుతుంది. అయితే కొన్నాళ్లకు దానికొక జబ్బు పట్టుకుంటుంది. ఎక్సలేటర్ తొక్కితే వెంటనే పికప్ అందుకోదు. ఊపిరి బిగబట్టినట్టు ఒక క్షణం ఆగి, ఒకటి రెండు సార్లు దగ్గి, ఆ తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది.

ముసలి బండి గనుక అంతేలే అని సర్దుకుపోయేవారు ఉన్నారు. సర్దుకుపోకండి. ఊరి దారి నుండి పెద్ద రోడ్డు ఎక్కేటప్పుడు, లేదా డివైడరు సందులో నుండి అవతలికి దాటేటప్పుడు ఆ ఆలస్యం ఎంత ప్రమాదమో లెక్క వేసి చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ రెండు సెకన్లలో సుమారు 44 మీటర్లు వచ్చేస్తుంది. దూరంగా ఉందనుకొని మీరు బయలుదేరిన లారీ, మీ బండి రోడ్డు మధ్యలో దగ్గుతూ ఉండగానే మీద పడుతుంది. బాగుచేయించేవరకు పెద్ద రోడ్డును ఆ బండితో దాటకపోవడమే మంచిది.

ఇక రెండవ నష్టం డబ్బు. ఆటోమేటిక్ బండ్ల అలవాటు తక్కువగా ఉన్న చిన్న ఊళ్ల షెడ్లలో, పికప్ లేదనగానే "గేరుబాక్సు పోయిందండీ" అనే మాట సులువుగా వస్తుంది. గేరుబాక్సు విప్పడమంటే వేలల్లో పని. చాలాసార్లు అసలు తప్పు నాలుగు ప్లగ్గుల్లోనో, చిట్లిన ఒక రబ్బరు గొట్టంలోనో ఉంటుంది. కాబట్టి షెడ్డుకు వెళ్లకముందే తప్పు ఇంజనుదా, గేరుబాక్సుదా అన్నది మీరే తేల్చుకోవచ్చు. అందుకు పనిముట్లు అక్కర్లేదు. కన్ను, చెవి చాలు.

ఆటోమేటిక్‌లో ఇంజనుకు, గేరుబాక్సుకు మధ్య క్లచ్చి ప్లేటు బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు ఫ్యానులను ఎదురెదురుగా పెట్టి ఒకటి తిప్పితే ఆ గాలికి రెండవది కూడా తిరుగుతుంది కదా, ఇదీ అలాంటిదే, గాలి బదులు ఆయిలు పని చేస్తుంది. కనుక నిలబడి ఉన్న బండి కదిలేటప్పుడు ఇంజను మోత కాస్త ముందు, కదలిక కాస్త వెనుక రావడం సహజమే. దాన్ని జబ్బు అనుకోవద్దు. 2014 తర్వాత వచ్చిన ఏ.ఎం.టి. బండ్లు వేరే జాతి. వాటిలో మామూలు గేరుబాక్సునే యంత్రం మార్చుతుంది గనుక గేరు మారేటప్పుడు కాస్త విరామం ఉండనే ఉంటుంది. ఇక్కడ చెప్పేది పాత టార్క్ కన్వర్టర్ బండ్ల సంగతి.

ఖాళీ రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో నెమ్మదిగా పోతూ ఎక్సలేటర్‌ను సగం వరకు తొక్కండి. పక్కన కూర్చున్నవారిని ఇంజను చుట్లు చూపే ముల్లును గమనించమనండి. ఆ మీటరు లేని బండైతే మోత వినండి. ముల్లు గబుక్కున పైకి లేచి, మోత పెరిగి, బండి మాత్రం ముందుకు ఊపందుకోకపోతే గేరుబాక్సు లోపల జారుతోందని అనుమానించాలి. ముల్లు కూడా లేవకుండా తడబడితే, మోతే తెగి తెగి వస్తే, తప్పు ఇంజనుది. ఇంకొక పరీక్ష ఉంది. బండిని ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు పి లో పెట్టి, ముందూ వెనుకా ఎవరూ లేకుండా చూసుకొని మెల్లగా రేజ్ చేయండి. అక్కడ కూడా దగ్గితే ఇంజనులోనే తప్పు ఉన్నట్టు ఖాయం. అక్కడ దగ్గనంత మాత్రాన ఇంజను మంచిదని చెప్పలేము. బరువు లాగేటప్పుడే బయటపడే జబ్బులు కొన్ని ఉన్నాయి.

వాటిలో మొదటివి ప్లగ్గులు, కాయిళ్లు. ఎక్సలేటర్ తొక్కినప్పుడు సిలిండరులోకి గాలి ఎక్కువగా చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. అరిగి సందు పెరిగిన ప్లగ్గు, బీటవారిన కాయిలు అక్కడే ఓడిపోతాయి. మెకానిక్కులు మిస్సింగ్ అనేది దీన్నే. ప్లగ్గు ఊడదీస్తే అది చాలా సంగతులు చెబుతుంది. కొన లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా మాడితే పెట్రోలు చాలక గాలి ఎక్కువవుతోంది, లేదా మరీ వేడెక్కుతోంది. ఆయిలు తడి ఉంటే లోపల నుండి ఆయిలు పైకి వస్తోంది. "పాతవే తుడిచి పెట్టాను" అంటే ఒప్పుకోకండి. నాలుగు మామూలు ప్లగ్గుల ఖరీదు పెద్దది కాదు. అయితే మీ బండి మోడలుకు చెప్పిన నంబరు ప్లగ్గే వేయించాలి.

రెండవది దొంగగాలి. లోపలికి వెళ్లే గాలిని ఒక సెన్సారు కొలుస్తుంది, దాన్నిబట్టి కంప్యూటరు పెట్రోలు పంపుతుంది. ఆ సెన్సారు దాటిన తర్వాత గొట్టంలో చీలిక ఉంటే లెక్కలోకి రాని గాలి చొరబడి మిశ్రమం పలుచనవుతుంది. తొక్కగానే తడబాటు, బండి నిలబెట్టినప్పుడు స్లో ఎక్కువ తక్కువలవడం, బానెట్ ఎత్తితే సన్నని ఈల వంటి శబ్దం దీని గుర్తులు. మన పల్లెల్లో దీనికి ఒక ప్రత్యేక కారణం కూడా ఉంది, ఎలుక! గడ్డివాము పక్కన, ధాన్యపు గది దగ్గర వారాల తరబడి కదలకుండా ఉన్న కారు దానికి మంచి ఇల్లు. రబ్బరు గొట్టాలను, వైర్లను కొరికేస్తుంది. బానెట్ ఎత్తి టార్చిలైటు వేసి ఒకసారి ఓపికగా చూడండి. ఎయిర్ ఫిల్టరు పెట్టె కూడా విప్పండి. నూర్పిళ్ల కాలంలో పట్టే దుమ్ము, పొట్టు ఫిల్టరును మూసేస్తాయి, కొన్నిసార్లు ఎలుక గూడు కూడా అందులోనే దొరుకుతుంది.

గొట్టం వెతకడానికి పెట్రోలు చల్లి చూసే షెడ్లు ఉన్నాయి. వేడి ఇంజను మీద అది నిప్పుతో ఆట. అలా చేయనివ్వకండి.

మూడవది పెట్రోలు రావడంలో లోటు. ఇది తొక్కిన మొదటి క్షణంలో కంటే ఎక్కువ సేపు లాగేటప్పుడు తెలుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, నిండా మనుషులున్నప్పుడు బండి ఉసూరుమంటుంది. ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు, పంపు బలహీనపడి ఉండవచ్చు. దీన్ని ఊహతో తేల్చకూడదు, ప్రెషర్ గేజి పెట్టి చూడాలి. గొట్టాల ద్వారా పెట్రోలు చిమ్మే ఈ రకం బండ్లలో చాలావాటికి 3 నుండి 4 బార్ ఒత్తిడి ఉండాలి. సరైన అంకె మోడలును బట్టి ఉంటుంది. ట్యాంకులో ఎప్పుడూ అడుగున రెండు లీటర్లతోనే నడిపే అలవాటు పంపును చెడగొడుతుంది. అది పెట్రోలులో మునిగి ఉంటేనే చల్లబడుతుంది. ఇప్పుడు మరో సంగతి కూడా చూసుకోవాలి. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. పాత బండ్లు దానికోసం తయారైనవి కావు. వాటి రబ్బరు గొట్టాలు, సీళ్లు త్వరగా పాడవ్వవచ్చు. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువ చేరితే ఇథనాలూ నీరూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి, పంపు లాగేది ముందు దానినే. నెలల తరబడి నిలబెట్టిన బండి దగ్గుతూ ఉంటే ఈ అనుమానం కూడా పెట్టుకోండి.

ఇక ఎప్పుడు తడబడుతుందో జ్ఞాపకం పెట్టుకొని మెకానిక్కుకు చెప్పడం చాలా అవసరం. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మాత్రమే అయితే ఇంజను వేడిని కొలిచే సెన్సారు, గొట్టాలు చూడాలి. బాగా వేడెక్కిన తర్వాతే అయితే కాయిలు. ఎక్సలేటర్ ఒకే చోట ఉన్నప్పుడు, ఎప్పుడూ అదే బిందువు దగ్గర అయితే థ్రాటిల్ సెన్సారు అరిగి ఉండవచ్చు. దానిని మీటరుతో చూస్తే, మెల్లగా తొక్కుతుంటే వోల్టేజి దూకుడు లేకుండా వరుసగా పెరగాలి. థ్రాటిల్ బాడీలో పేరుకున్న నల్లటి కార్బనును శుభ్రం చేయడం కూడా చవకైన పనే. 2010 తర్వాతి బండ్లలో చాలావాటికి స్కానరు తగిలించవచ్చు. అయితే పి0171 అని స్కానరు చూపితే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని మాత్రమే అర్థం. ఏ సామాను మార్చాలో అది చెప్పదు. కోడు చూసి వెంటనే సెన్సారు మార్చే వానికంటే, మిమ్మల్ని ముందుగా పది ప్రశ్నలు అడిగే వానిని నమ్మండి.

తప్పు గేరుబాక్సుదే అని తేలినా కంగారుపడవద్దు. ముందు ఆయిలు చూడండి. కడ్డీ ఉన్న మోడళ్లలో ఎక్కువవాటికి బండి వేడెక్కాక, సమతలం మీద, ఇంజను నడుస్తుండగా చూడాలి. హోండా బండ్లలో ఇంజను ఆపిన వెంటనే చూడాలి. కడ్డీయే లేని మోడళ్లను షెడ్డులో కింద నుండి చూస్తారు. ఆయిలు ఎర్రగా ఉంటే మంచిది. గోధుమ రంగు తిరిగి మాడు వాసన వస్తే లోపల ప్లేట్లు కాలుతున్నాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటరు నీరు అందులో కలిసింది. ఆ స్థితిలో బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపవద్దు.

బండి దారిలో పూర్తిగా ఆగిపోయినప్పుడు మన ఊళ్లలో మొదట గుర్తొచ్చేది ట్రాక్టరు, తాడు. ఆటోమేటిక్‌కు అది పనికిరాదు. ఇంజను ఆగితే గేరుబాక్సులో ఆయిలు తిప్పే పంపు కూడా ఆగుతుంది, చక్రాలు మాత్రం తిరుగుతూ ఆయిలు అందని భాగాలను అరగదీస్తాయి. తోసి స్టార్టు చేయడమూ కుదరదు. ముందు చక్రాలకు శక్తి అందే కార్లు ఎక్కువ గనుక ముందు భాగాన్ని పైకి ఎత్తి లాగించాలి, లేదా బండినే ఒక చిన్న లారీ మీద ఎక్కించి తీసుకుపోవాలి.