తన్నని తుపాకి

మా తమ్ముడు డాలస్ దగ్గర ఉంటాడు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి, అంటే వాళ్ళకి శనివారం రాత్రి, వీడియో కాల్ చేస్తాడు. అమ్మ నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ ఫోన్ కోసం ఏడు నుంచే కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంటుంది. మొన్నటి ఆదివారం వాడు "టిఫినేంటి" అని కూడా అడగలేదు. "అక్కా, బుడ్డోడికి రైఫిల్ కొందామనుకుంటున్నా. వేటకి. ఫస్ట్‌ది కదా, ఎక్కువ తన్నకుండా ఉండేది చూస్తున్నా" అన్నాడు.

అమ్మకి సరిగ్గా వినబడలేదు. "సైకిలా? కొనరా, గుంటడు ఎదిగిపోనాడు" అంది.

బుడ్డోడు అంటే నా మేనల్లుడు. పదకొండేళ్ళు. వాడి వెనకాల మూడేళ్ళ చెల్లెలుంది. అన్న ఏది ముట్టుకుంటే అది కావాలని ఏడ్చే వయసు.

తమ్ముడి ఆఫీసులో మనవాళ్ళే ఇద్దరు ముగ్గురు శని, ఆదివారాలు ఎవరిదో పొలంలో అడవిపందుల వేటకి వెళ్తున్నారట. అక్కడ పందులు పంటలు దున్నేస్తాయి. పొలం యజమాని ఒప్పుకుంటే వాటిని కొట్టడానికి 2019 నుంచి టెక్సాస్‌లో వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. జింకల సీజనులో పిల్లల కోసమే విడిగా కొన్ని రోజులు ఇస్తారు. తొమ్మిదేళ్ళు నిండితే చాలు, క్లాసు చదివి వేట శిక్షణ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. పిల్లాడికి షాపువాడు రైఫిల్ అమ్మకూడదు గానీ తండ్రి కొని బహుమతిగా ఇవ్వచ్చు. అంతా చట్టం ప్రకారమే.

ఇందులో నాకు బాగా నవ్వొచ్చిన సంగతి ఒకటుంది. మా వాడు ఇంకా హెచ్-1బి మీదే ఉన్నాడు. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు అని అక్కడి కేంద్ర చట్టం. అందులోనే ఒక సందు ఉంది: వేట లైసెన్సు చేతిలో ఉంటే కొనుక్కోవచ్చు. మా వాడు ఆ లైసెన్సు తీసేసుకున్నాడు. గ్రీన్‌కార్డు కోసం పన్నెండేళ్ళుగా లైన్లో నిలబడ్డ మనిషికి తుపాకి లైను ఒక్క పూటలో కదిలింది.

ముందే చెప్పేస్తున్నాను, వేట పాపమని క్లాసు పీకడానికి కూర్చోలేదు. ఆదివారం మటన్ షాపు ముందు గిన్నె పట్టుకుని నిలబడే మనిషిని నేను. ఎవరో కోసిపెట్టింది వండుకు తింటూ, సొంతంగా కొట్టుకు తినేవాణ్ణి తప్పు పట్టడం నాకు చేతకాదు. ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టంతో వేట మన ఇళ్ళలోంచి పోయింది, తుపాకి లైసెన్సుకి 21 ఏళ్ళు నిండాలి, అందుకని మనకి ఆ మాట వింతగా ఉంది. వాళ్ళ ఊరు వేరు. నా గొడవంతా వాడన్న ఒక్క మాట మీద. "తన్నదు."

తుపాకి తన్నడమంటే ఏంటో నాకు కొంచెం తెలుసు. డిగ్రీలో ఎన్‌సీసీ చేశాను. పాయింట్ 22 రైఫిల్‌తో ఫైరింగుకి తీసుకెళ్ళారు. నేల మీద బోర్లా పడుకోబెట్టి, బట్‌ని భుజం గుంటలోకి గట్టిగా లాక్కోమన్నారు. పేలాక చూస్తే ఎవరో వెనక నుంచి వేలితో తట్టినట్టుంది, అంతే. "ఇంతేనా?" అని పక్కనున్న అమ్మాయి, నేను నవ్వుకున్నాం. నవ్వినందుకు హవల్దారు గారు నాలుగు తిట్టారు. మనిషికి ఐదు తూటాలు లెక్కపెట్టి ఇచ్చారు, ఐదు ఖాళీ ఖోకాలు లెక్కపెట్టి తీసుకున్నారు. ఒక ఖోకా ఇసకలో దొర్లిపోతే అది దొరికేదాకా ముప్ఫై మంది ఆడపిల్లల్ని ఎండలో మోకాళ్ళ మీద వెతికించారు. ఆ రోజు ఎంత విసుక్కున్నానో! ఇరవై అయిదేళ్ళు పోయాక ఆ హవల్దారు గారికి ఇక్కణ్ణుంచే దణ్ణం పెడుతున్నాను.

కాబట్టి పిల్లాడికి తక్కువ తన్నేది చూడాలన్న ఆలోచన తప్పని నేననను. అది కావాలి కూడా. తన్నే తుపాకి ఇస్తే పిల్లాడు రెండో గుండుకే భయపడతాడు, ట్రిగ్గర్ నొక్కేముందే కళ్ళు మూసుకుని భుజం జంకిస్తాడు, గురి తప్పుతుంది. గురి తప్పితే జింక చావదు, పొట్టలోనో కాల్లోనో దెబ్బ తిని పొదల్లోకి పోయి రాత్రంతా గిలగిల్లాడుతుంది. పైగా తన్నినప్పుడు స్కోప్ వచ్చి కనుబొమ చీలుస్తుంది. అందుకే పిల్లల మొదటి తుపాకి అనగానే అక్కడివాళ్ళు పాయింట్ 22 పేరు చెప్తారు. అది దాదాపు తన్నదు. కానీ టెక్సాస్‌లో దాంతో జింకను కొట్టకూడదు, చట్టం ఒప్పుకోదు. అప్పుడు పాయింట్ 243 విన్‌చెస్టర్ లాంటిది చూపిస్తారు. పెద్దవాళ్ళ థర్టీ ఆట్ సిక్స్‌తో పోలిస్తే దాని తన్ను సుమారు సగం.

ఇక్కడే చిన్న తిరకాసు. పిల్లాడు మొయ్యలేడని తేలికపాటి తుపాకి కొంటారు. అదే తూటాకి తుపాకి తేలికయ్యే కొద్దీ ఎక్కువ తన్నుతుంది! బరువుంటే ఆ దెబ్బ కొంత అదే తినేస్తుంది. బట్ పొడుగు పిల్లాడి చేతికి సరిపోకపోతే వాడు వెనక్కి వాలి పట్టుకుంటాడు, అప్పుడు తేలిక తూటా కూడా నొప్పి పుట్టిస్తుంది. తన్ను తగ్గించడానికి గొట్టం చివర మజిల్ బ్రేక్ అని ఒకటి బిగిస్తారు. భుజానికి హాయి. అయితే ఆ మోతంతా పక్కలకీ వెనక్కీ మళ్ళి కాల్చేవాడి చెవుల మీద పడుతుంది. మామూలు పాయింట్ 22 చప్పుడే 140 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, ఇక పెద్ద తూటా సంగతి వేరే చెప్పాలా? మా వాడు భుజానికి రబ్బరు ప్యాడ్ చూశాడు, బట్ కొలత చూశాడు. చెవులకి ఏం కొన్నావురా అంటే "అదీ చూడాలి" అన్నాడు.

సరే, ఇవన్నీ తెలుసుకుని కొంటాడు, మా వాడు చదువుకున్నవాడే. నాకు ఒళ్ళు మండింది తర్వాత అన్న మాటకి. "ఏటవుద్దక్కా, చిన్న తుపాకి. అసలు తన్నదు. పిల్లలకనే చేస్తారు."

తన్నకపోవడం తుపాకి వెనక వైపు సంగతి. ముందు వైపు సంగతి పాయింట్ 22 తూటాల డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది: మైలున్నర దూరం వరకూ ప్రమాదం. మైలున్నర అంటే రెండు కిలోమీటర్ల పైన. కొత్త గాజువాకలో పేలిస్తే పాత గాజువాకలో మనిషి జాగ్రత్తగా ఉండాలి. భుజం మీద వేలితో తట్టినట్టున్న ఆ తుపాకి అవతల ఎవరికి తగిలినా ఏ తేలికా చూపించదు.

2013 ఏప్రిల్‌లో కెంటకీ రాష్ట్రంలో ఒక పల్లెటూరి ఇంట్లో జరిగింది పేపర్లలో వచ్చింది, మీలో కొందరికి గుర్తుండొచ్చు. ఐదేళ్ళ పిల్లాడికి ముందు ఏడాది బహుమతిగా వచ్చిన క్రికెట్ అనే చిన్న రైఫిల్. 'నా మొదటి రైఫిల్' అని ఆ కంపెనీవాళ్ళు చెప్పుకునే మాట. ఆడపిల్లలకి గులాబీ రంగులో కూడా చేస్తారు. అది పాయింట్ 22, తన్నదు. దాన్ని ఓ మూల ఆనించి పెట్టారు. అందులో గుండు మిగిలిపోయిందని ఎవరికీ తెలియదు. తల్లి ఒక్క నిమిషం వరండాలోకి వెళ్ళింది. పిల్లాడి చేతిలో అది పేలి రెండేళ్ళ చెల్లెలు చచ్చిపోయింది.

తర్వాత జనం ఏమన్నారో ఊహించడానికి మనం కెంటకీ వెళ్ళక్కర్లేదు. తల్లి ఏం చేస్తోంది? పిల్లల్ని వదిలి బయటికెందుకు పోయింది? ఆ తుపాకి ఇంట్లోకి ఎలా వచ్చింది, ఎవరు ముచ్చటపడి తెచ్చారు, మూల ఎవరు పెట్టారు అని ముందు అడగరు. కొనేటప్పుడు మగవాళ్ళు నలుగురు కూర్చుని తన్ను గురించి, బరువు గురించి, స్కోప్ గురించి గంటలు మాట్లాడుకుంటారు. కొన్నాక కాపలా ఎవరు కాయాలి? పొయ్యి మీద పప్పు పెట్టి, చంటిదానికి పాలు కలుపుతూ, పెద్దాడు ఏ గదిలో ఉన్నాడో ఓ చెవి అటు వేసి ఉండే మనిషి.

అందుకే ఫోన్ పెట్టేశాక మా మరదలికి విడిగా చేశాను. "నిన్నడిగాడా అమ్మా?" అన్నాను. కాసేపు పలకలేదు. "చెప్పారు వదినా" అంది. చెప్పారు అంది, అడిగారు అనలేదు. "దాన్లో గుండు ఉందో లేదో చూడ్డం నీకొచ్చా?" అంటే "నాకెందుకు వదినా, నేను ముట్టుకోను" అంది. వాళ్ళిద్దరి మీదా సమానంగా కోపం వచ్చింది. ఇంట్లో ఉన్న వస్తువుని నువ్వు ముట్టుకోకపోతే అది ఊరుకుంటుందా? గ్యాస్ రెగ్యులేటర్ కట్టడం రాని ఆడది మన ఇళ్ళలో ఉందా? బోల్టు వెనక్కి లాగి చాంబర్ ఖాళీనా కాదా చూడ్డం అంతకంటే బ్రహ్మవిద్యేం కాదు.

ఇదంతా అమెరికా గొడవ, మనకేం అనుకునేవాళ్ళు సాయంత్రం ట్యూషన్లు వదిలే వేళకి గాజువాక జంక్షన్‌కి రండి. పద్నాలుగేళ్ళ పిల్లలు ముగ్గురేసి స్కూటీ మీద. "గేర్లు లేవండీ, తేలిక బండి, పిల్లాడి చేతికి బాగుంది" అని తండ్రులే తాళం ఇస్తారు. బండి తేలికే. పక్కన స్టీల్‌ప్లాంట్ నుంచి కాయిల్స్ వేసుకొచ్చే ట్రైలర్ తేలిక కాదు కదా! 2019లో చట్టం మార్చారు, మైనరు బండి తోలి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. అయినా తాళాలు ఇస్తూనే ఉన్నారు. ఎయిర్‌గన్ సంగతీ అంతే. 20 జౌళ్ళు మించని పాయింట్ 177కి ఇక్కడ లైసెన్సు అక్కర్లేదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని అది బొమ్మ అనేస్తారు. కొంగ రాలిపోతుంది దాంతో, కన్ను పోతుంది దాంతో. పిల్లాడి చేతికి సులువుగా ఉందా అని చూస్తాం, అక్కడితో మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం.

మా వాడు దీనికి జవాబు చెప్పాడు. "నేను పక్కనే ఉంటాను కదక్కా." వేటలో ఉంటాడు. నిజమే, అక్కడ పెద్దవాడు పక్కనుండి నేర్పిస్తే పిల్లలు బాగానే నేర్చుకుంటారు, గొట్టం ఎటు చూపించాలో, గురి వెనకాల ఏముందో చూసుకోవడం, వేలు ట్రిగ్గర్ మీద పెట్టకపోవడం. ఆ క్రమశిక్షణ నేను కాదనను, నాకూ అబ్బింది కొంత. కానీ వేట ఏడాదికి పది రోజులు. మిగతా మూడువందల యాభై అయిదు రోజులు తుపాకి ఉండేది ఇంట్లో. బుడ్డోడు ఇవాళ పదకొండేళ్ళవాడు. నాలుగేళ్ళు పోతే పదిహేనేళ్ళవాడు అవుతాడు. మార్కుల గొడవలు, స్నేహితుల గొడవలు, గది తలుపేసుకోవడాలు. 2020 నుంచి ఆ దేశంలో ఏడాది నిండిన పిల్లల దగ్గర్నుంచి 19 ఏళ్ళ వరకూ మరణాలకి మొదటి కారణం తుపాకులే, రోడ్డు ప్రమాదాల్ని కూడా దాటేశాయి. అందులో చేతి పొరపాట్లు కొద్దిభాగమే. హత్యలు ఎక్కువ, తర్వాత ఆత్మహత్యలు. వేటలో నువ్వు పక్కన ఉంటావు సరే, ఆ రోజుల్లో ఎవరుంటార్రా పక్కన?

వాట్సాప్‌లో రాసి పంపాను. తుపాకి ఎక్కడ పెడతావు? తూటాలు దాంతో పాటేనా, విడిగానా? తాళంచెవి ఎవరి దగ్గర, దాని జాడ పిల్లాడికి తెలుసా? వాడు ఆడుకోవడానికి వెళ్ళే ఇళ్ళలో తుపాకులున్నాయా, ఎప్పుడైనా అడిగావా? టెక్సాస్‌లో కూడా, పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి గుళ్ళున్న తుపాకి అందేలా అజాగ్రత్తగా వదిలేయడం నేరమని నాకంటే ముందు నీకు తెలియాలి కదా? చివర్లో, మీ ఆవిడకి నేర్పాకే ఇంట్లోకి తే అని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. మూడు రోజులు జవాబు లేదు. అమ్మ మాత్రం "ఎందుకే వాడితో, కోపమొస్తే ఫోన్ చెయ్యడు" అని నా మీద అలిగింది. అమ్మకి అప్పటికి సంగతి అర్థమైంది. "ఆ జింకని తెస్తే కూర ఎవత్తి వండుతాది?" అని కూడా అడిగింది, అది వేరే విషయం.

నాలుగో రోజు రాత్రి మరదలు మెసేజ్ పెట్టింది. బుడ్డోడితో పాటు తను కూడా ఆ వేట శిక్షణ క్లాసులో పేరు రాయించుకుందట. వాడు క్విజ్‌లో అమ్మ కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటానంటున్నాడట.

నిన్న ఆదివారం తమ్ముడు మళ్ళీ చేశాడు. మొహం కొంచెం ముడుచుకునే ఉంది. ఇనప బీరువాలు చూస్తున్నాడట, నంబరు లాక్ ఉన్నవి, గోడకి బోల్టులు వేసి బిగించేవి.

"తుపాకి కంటే బీరువాకే ఎక్కువయ్యేలా ఉందక్కా" అన్నాడు.

"అవనీ" అన్నాను.